నెలల లెక్క, గుడ్డ లెక్క: కారు పూతలు ఎన్నాళ్లు నిలుస్తాయి?

ఒకే సీసాలోని సీలెంట్‌ను, అంటే కారు రంగును కాపాడే పూతను, ఒకే ఆదివారం రెండు కార్లకు పూశారనుకుందాం. సీసా మీద ‘6 నెలల రక్షణ’ అని ఉంది. మొదటి కారు అపార్ట్‌మెంటు సెల్లారులో నీడపట్టున ఉంటుంది. యజమాని పదిహేను రోజులకొకసారి రెండు బకెట్ల నీళ్లు పెట్టుకుని, కారు షాంపూతో స్వయంగా కడుగుతాడు. రెండోది వీధిలో, ఎండలో ఉంటుంది. నెల జీతానికి కుదిరిన మనిషి రోజూ తెల్లవారుజామున వచ్చి ఒక బకెట్టుతో, ఒక గుడ్డతో నాలుగైదు కార్లు తుడిచేసి వెళతాడు. మొదటి కారు మీద ఆ పూత పది నెలలు నిలిచినా ఆశ్చర్యం లేదు. రెండోదాని మీద రెండు నెలలు దాటితే గొప్పే.

సీసా అబద్ధం ఆడిందా? ఆడలేదు. అది లెక్కపెట్టిన కొలత వేరు. ఆరు నెలల్లో మొదటి కారును గుడ్డ తాకింది 12 సార్లు, రెండోదాన్ని 180 సార్లు. 15 రెట్ల తేడా. పూత అరిగేది క్యాలెండరు చూసి కాదు గనుక, ‘ఏది ఎక్కువ కాలం వస్తుంది’ అని రెండు సీసాలను పక్కపక్కన పెట్టి అడిగితే సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం ఆ గుడ్డలో ఉంది.

ముందు ఈ పూత దేని మీద కూర్చుంటుందో చూడాలి. కారు రంగును మనం ఒకే పొర అనుకుంటాం. ఫ్యాక్టరీలో రేకుకు ముందు ఫాస్ఫేట్ ద్రావణం పట్టిస్తారు. తరువాత కరెంటు పంపిన తొట్టిలో బాడీ మొత్తాన్ని ముంచి, తుప్పు పట్టకుండా 20 మైక్రాన్ల పొర ఎక్కిస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాని మీద ప్రైమర్, ఆ పైన అసలు రంగున్న బేస్ కోట్, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. మామూలుగా ఈ క్లియర్ కోట్ 40 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది. అన్నీ కలిపితే 100 నుంచి 150 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు కాబట్టి, లక్షలు పోసి కొన్న కారు అందమంతా రెండు వెంట్రుకల మందంలో ఉన్నట్టు. మెరిసేది క్లియర్ కోటే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని కింది రంగును కాపాడే పదార్థాలు కూడా అందులోనే ఉంటాయి.

ఆ క్లియర్ కోట్ మీద మనం రాసే సీలెంట్ ఒక మైక్రాన్ కూడా ఉండదు. సిరామిక్ కోటింగ్ అయితే ఒకటి, మహా అయితే రెండు. ‘మూడు కోట్లు వేశాం సార్, గట్టిగా పేరుకుంటుంది’ అని చెప్పేవాళ్ల మాటలో నిజం కొంతే. రెండో కోటు వల్ల ముఖ్యంగా జరిగేది మొదటిసారి చెయ్యి తగలని చోట్లు పూడటం. మందం మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక రకాలు. అన్నిటికన్నా పాతది మైనం. కార్నౌబా అనేది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే తాటిజాతి చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం. కరువు నేలలో ఆకులోని తేమ ఆవిరైపోకుండా చెట్టు తనకు తాను చేసుకున్న ఏర్పాటు అది. 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు. ఇది చదివి ‘మన ఎండకు ఏమీ కాదు’ అనుకోవడం తేలిక. కానీ స్వచ్ఛమైన కార్నౌబా ఇటుకలా గట్టిగా ఉంటుంది, గుడ్డతో పూయడం కుదరదు. అందుకే డబ్బాలోకి వచ్చేసరికి దానిలో నూనెలు, ద్రావణులు, మెత్తని మైనాలు కలుపుతారు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీలకే కరుగుతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఎండన నిలబెట్టిన నల్ల కారు బానెట్ 70 డిగ్రీలు దాటడం మామూలే. కరిగి కారిపోకపోయినా ఆ మిశ్రమం మెత్తబడుతుంది, దుమ్మును అంటించుకుంటుంది, మర్నాడు గుడ్డతోపాటు లేచిపోతుంది. పైగా మైనం రంగును పట్టుకుని ఉండదు, దాని మీద ఊరికే ఒదిగి ఉంటుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాలే దాని ఆయుష్షు. మెరుపు మాత్రం బాగుంటుంది. ముదురు రంగుల మీద ఆ నిగారింపును ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ దాన్ని వదలరు. వాళ్లతో నాకు పేచీ లేదు.

తరువాతిది సింథటిక్ సీలెంట్. దీనిలో పని చేసేవి ఎక్కువగా సిలికోన్ జాతి పాలిమర్లు, అంటే పొడవైన గొలుసుల్లాంటి అణువులు. వాటికి అమైన్ అనే నైట్రోజన్ ఉన్న కొసలు తగిలించి తయారుచేస్తారు. ఆ కొస రంగును పట్టుకుంటుంది, తక్కిన గొలుసు బయటికి నిలిచి నీటిని తోసేస్తుంది. మైనంలాగా వేడికి జారిపోదు. మంచి సబ్బు, నీడ, ఓర్పుగా తుడిచే చెయ్యి ఉంటే నాలుగైదు నెలలు తప్పక నిలుస్తుంది, పది దాకా వెళ్లినా వెళ్లవచ్చు. స్ప్రే రూపంలో దొరికే తేలిక రకాలు రెండు మూడు నెలలే.

సిరామిక్ కోటింగ్ పేరు విని పింగాణీ పూతను ఊహించుకోవద్దు. అది సిలికా కుటుంబానికి చెందిన రెసిన్. పూసిన తరువాత గాలిలోని తేమతో చర్య జరిపి, సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు అల్లుకున్న వలలా గట్టిపడుతుంది. ఆ బంధాన్ని తెంచడానికి మోలుకు సుమారు 450 కిలోజౌళ్లు కావాలి, మైనాల్లోని కార్బన్ గొలుసు బంధానికైతే 350 దగ్గర చాలు. ఎండ దీన్ని అంత తేలిగ్గా విరచలేకపోవడానికి అదే కారణం. గట్టిపడటానికి రోజులు పడుతుంది కనుకనే మొదటి వారం కడగవద్దంటారు. ఒకటి నుంచి మూడేళ్ల దాకా ఉండగలదు. ‘ఉండగలదు’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

టెఫ్లాన్ కోటింగ్ గురించి ఒక్క మాట, ఎందుకంటే మన షోరూముల్లో కారు తాళాలతోపాటు ముందుగా వినబడేది ఇదే. టెఫ్లాన్ అసలు గుణం ఏ వస్తువునూ అంటకపోవడం. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనిపెట్టిన ఆ పదార్థం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పెనానికి దాన్ని పట్టించాలంటే అంతకన్నా ఎక్కువ వేడి కావాలి. కారు రంగును అంత వేడి చేస్తే రంగే మిగలదు. కాబట్టి మామూలు పాలిష్‌లో టెఫ్లాన్ పొడి కలిసి ఉంటే, రంగును పట్టుకుని ఉండేది ఆ పాలిష్‌లోని మిగతా సరుకే. దాని ఆయుష్షును కూడా నెలల్లోనే అంచనా వేసుకోవాలి.

పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్)ను ఈ వరుసలో నిలబెట్టడం న్యాయం కాదు. అది పూత కాదు, 150 నుంచి 200 మైక్రాన్ల మందమున్న పాలీయూరిథేన్ ఫిల్మ్. లారీ చక్రం నుంచి ఎగిరిన కంకర రాయిని తట్టుకునేది అదొక్కటే. ఖర్చు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం, అరుగుదల. మన తెలంగాణ నేల రాళ్లలో గ్రానైటు జాతిదే పెద్ద వాటా. దాని నుంచి రాలే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ లెక్కలో క్వార్ట్జ్‌కు 7. మామూలు ఇనుప మేకు దానికన్నా మెత్తన. క్లియర్ కోట్ అంటే ప్లాస్టిక్, ఇనుముతో పోలికే లేదు. రాత్రి కురిసిన మంచుతో తడిసిన ఆ దుమ్ము మీద గుడ్డ వేసి గుండ్రంగా తిప్పితే జరిగేది శుభ్రం చేయడం కాదు, ఉప్పుకాగితం పట్టడం. ఎండలో నల్ల కారు మీద సాలెగూడులా కనిపించే సన్నని వలయాలన్నీ ఆ చేతి సంతకాలే. సగం మైక్రాన్ పూత ఆ దెబ్బకు ఎన్నాళ్లు ఆగాలి?

దాని తరువాతి శత్రువు సబ్బు. వాటర్ సర్వీసింగు కేంద్రాల్లో చాలాచోట్ల వాడేది జిడ్డును గట్టిగా కోసే క్షారం. ఇంట్లో బట్టల సబ్బు పొడి కలిపిన నీళ్లు కూడా అంతే, ఆమ్ల, క్షార గుణాల కొలత అయిన పీహెచ్ 10 దగ్గర ఉంటుంది (7 దాటితే క్షారం). మైనం దానికి ఒకటి రెండు వాయిదాల్లో లొంగిపోతుంది. సీలెంట్ ఇంకొంచెం ఓర్చుకుంటుంది. సిరామిక్ తేలిగ్గా తలవంచదు. ధర తేడాకు నిజమైన సమర్థన ఎక్కడైనా ఉందంటే ఇక్కడే ఉంది.

మూడోది బోరు నీళ్లు. తాగే నీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకపోవడం మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. గీజరు కాయిల్ మీద తెల్లగా గార కట్టే ఊళ్లలో ఉన్నవాళ్లకు ఆ నీళ్లెలాంటివో చెప్పనక్కర్లేదు. అదే గార కారు మీద కూడా కడుతుంది. ఇక్కడొక వింత ఉంది. పూత ఎంత బాగా పనిచేస్తే నీరు అంత గుండ్రని బొట్లుగా నిలుస్తుంది, ఆ బొట్టు అక్కడే ఎండితే దానిలోని కాల్షియం అంతా ఒక్క చోట వలయంగా పేరుకుంటుంది. పూత లేని కారు మీద నీరు పలచగా పరుచుకుని ఎండుతుంది కనుక మచ్చ అంత కొట్టొచ్చినట్టు ఉండదు. వేలు పోసి సిరామిక్ చేయించుకుని, బోరు నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టిన కార్లు పూత లేని కార్లకన్నా మచ్చలు పడి కనిపించడం నేను చాలాసార్లు చూశాను. ఆ మచ్చలు పోగొట్టడానికి చేసే రుద్దుడే చివరికి పూతకు ఎసరు పెడుతుంది.

ఊరినిబట్టి శత్రువుల పేర్లు మారతాయి. విశాఖలో ఉప్పుగాలి, దానికి తోడు పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము. ఇనుప రేణువు రంగులో దిగి తుప్పు పట్టి చిన్న నారింజ చుక్క అవుతుంది. మామిడి పూత కాలంలో చెట్టు కింద కారు పెట్టినవాళ్లకు మరో అనుభవం. రైతులు తేనెమంచు పురుగు అని పిలిచే కీటకం కార్చే తీపి జిగురు సన్నని తుంపరలా బానెట్ మీద పడుతుంది, తరువాత దాని మీద నల్లని మసి బూజు లేస్తుంది. పక్షి రెట్టలోని యూరిక్ ఆమ్లం సంగతి సరేసరి. ఎండకు మెత్తబడి వ్యాకోచించిన క్లియర్ కోట్, చల్లారేటప్పుడు ఆ రెట్ట ఆకారం చుట్టూ బిగుసుకుంటుంది, అచ్చు పడుతుంది. ఏ పూత అయినా దీనికి ఇచ్చేది కాస్త వ్యవధి మాత్రమే. సాయంత్రం చూద్దాంలే అనుకుంటే పూత ఉన్నా లేనట్టే.

ఇంత అరిగాక పూత ఉందో పోయిందో ఎలా తెలుస్తుంది? అందరూ నీళ్లు చల్లి చూస్తారు. తామరాకు మీద నీటిబొట్టులా నిలిస్తే ఉన్నట్టు, పరుచుకుంటే పోయినట్టు. ఈ పరీక్ష సగమే నిజం. బొట్టు ఉపరితలంతో చేసే కోణాన్ని కొలిస్తే మంచి సిరామిక్ మీద 100 నుంచి 110 డిగ్రీలు వస్తుంది. నున్నటి ఉపరితలం మీద ఏ రసాయనం పూసినా 120 దగ్గర ఆగిపోతుంది. తామరాకు 150 దాటుతుంది, ఎందుకంటే దాని మీద మైనంతోపాటు కంటికి కనిపించని గరుకు బుడిపెలు ఉన్నాయి. అద్దంలా మెరవాల్సిన కారుకు ఆ గరుకు పెట్టలేం. అందుచేత ‘తామరాకు పూత’ అన్న ప్రకటన కనబడితే నవ్వుకుని ముందుకు సాగవచ్చు.

నీటిని తోసే గుణం, రక్షించే గుణం ఒకటి కావు. సిరామిక్ వలలో పై అంచున ఉండే చిన్న కార్బన్ సమూహాలే నీటిని తోస్తాయి. ఎండకు, సబ్బుకు ముందుగా ఊడేవి అవే. అడుగున సిలికాన్ వల ఇంకా ఉన్నా బొట్టు చతికిలబడుతుంది. అంతకన్నా మామూలుగా జరిగేది మరొకటి. పొగ, నూనె, గార కలిసిన పలచటి మురికి పొర పూత మీద పేరుకుంటుంది. నీళ్లకు తగిలేది ఆ మురికి, పూత కాదు. ‘ఏడాదికే సిరామిక్ పోయింది’ అన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మందు, గార తీసే ద్రావణంతో, ఇనుప రేణువులు కరిగించే ద్రావణంతో ఒకసారి నిదానంగా కడగడమే. కడిగాక బొట్లు మళ్లీ లేస్తే పూత బతికే ఉంది. దీనికి తిరగబడ్డ మోసం కూడా ఉంది. కడిగిన ప్రతిసారీ పైన మెరుపు స్ప్రే కొట్టే దుకాణంలో బొట్లు ఎప్పుడూ ముత్యాల్లా నిలుస్తాయి. అవి ఆ స్ప్రే బొట్లు. అడుగున మూడేళ్ల పూత ఉందో, మూడో నెలలోనే పోయిందో వాటిని చూసి చెప్పలేరు.

రెండు మూడు పూతలను నిజంగా పోల్చాలంటే ఇంట్లోనే చేయవచ్చు. బానెట్‌ను మాస్కింగ్ టేపుతో నిలువు పట్టీలుగా విడదీయండి. ముందు మొత్తం శుభ్రం చేసి, పాత పాలిష్ నూనెలు పోయేలా ఆల్కహాలు ద్రావణంతో తుడవండి. నూనె మిగిలితే ఏ సీలెంటూ రంగును పట్టుకోదు, తొందరగా రాలిపోయే పూతల్లో చాలా వాటి జాతకం ఇక్కడే రాసి ఉంటుంది. ఒక్కో పట్టీకి ఒక్కో పూత వేయండి. ఒక పట్టీని ఏమీ వేయకుండా వదిలేయండి. జనం మరిచిపోయేది ఆ ఖాళీ పట్టీనే, అది లేకపోతే మిగతావి దేనితో పోల్చాలి? తరువాత అన్నిటినీ ఒకే సబ్బుతో కడుగుతూ, ఎన్నిసార్లు కడిగారో ఒక కాగితం మీద గీతలు పెట్టండి. నెలకోసారి, కడిగిన వెంటనే, ఒకే దూరం నుంచి నీళ్లు చల్లి ఫొటో తీయండి. బానెట్ ఫలితాన్ని తలుపులకు అంటగట్టకండి. పైకప్పు, బానెట్ ఎండను నేరుగా మోస్తాయి, తలుపు కింది భాగాలకు ఎండ తక్కువ, చక్రాలు చిమ్మే ఇసుక ఎక్కువ.

రంగుల కంపెనీలు ఇదే పనిని పెద్ద ఎత్తున చేస్తాయి. తేమ, ఎండ కలిసి ఉండే దక్షిణ ఫ్లోరిడాలో, పొడి వేడి ఉండే అరిజోనాలో రంగు పలకలను దక్షిణానికి తిప్పి ఏళ్ల తరబడి ఆరుబయట ఉంచుతారు. మన దగ్గర ఆ రెండు వాతావరణాలకూ దగ్గరగా ఉండేవి ఒకే రోజు ప్రయాణంలో దొరుకుతాయి, కాకినాడలో ఒకటి, అనంతపురంలో ఒకటి. ప్రయోగశాలలో తిరిగే బ్రష్షు కింద పలకను పెట్టి, క్వార్ట్జ్ పొడి కలిపిన నీళ్లు చిమ్ముతూ గీతలు కొలిచే ఐఎస్‌ఓ 20566 అనే అంతర్జాతీయ ప్రమాణ పద్ధతి కూడా ఉంది. అంగట్లో కొనే సీసా మీద మాత్రం ఇలాంటి వివరం కనబడటం అరుదు. ఏ ఎండలో, ఏ సబ్బుతో, ఎన్నిసార్లు కడిగితే ఆరు నెలలు? ఆ మూడూ లేని ‘ఆరు నెలలు’ ధర చీటీకన్నా ఎక్కువేమీ చెప్పదు.

సిరామిక్ సీసాల మీద కనిపించే ‘9హెచ్’ అన్న ముద్ర ఇంకా గమ్మత్తైనది. చాలామంది దాన్ని మోస్ లెక్కలో 9 అనుకుంటారు, అంటే కెంపు, నీలం రాళ్లంత గట్టిదని. నిజానికి అది పెన్సిల్ పరీక్ష. ఆ పరీక్షకు మామూలుగా వాడే పెన్సిళ్లలో అన్నిటికన్నా గట్టిదైన 9హెచ్‌తో గీస్తే గీత పడలేదని దాని అర్థం. పెన్సిల్ ముల్లు గ్రాఫైటు, బంకమట్టి మిశ్రమం. దానితో గీత పడకపోవడం గొప్పే కావచ్చు, కానీ తడిగుడ్డలో చిక్కుకున్న ఇసుక రేణువు పెన్సిల్ కాదు. ఆ పైన, మైక్రాన్ మందమున్న గట్టి పొర మెత్తని క్లియర్ కోట్ మీద కూర్చుని ఉంది. పరుపు మీద పరిచిన గాజు పలకను వేలితో నొక్కితే ఏమవుతుందో ఆలోచించుకోండి.

నేను కారు కొన్నప్పుడు షోరూములో మూడేళ్ల వారంటీ కోటింగ్ కాగితం చేతిలో పెట్టారు. ఇంటికి వచ్చి చిన్న అక్షరాలు చదివాను. ప్రతి ఆరు నెలలకూ డబ్బు కట్టి ‘మెయింటెనెన్స్’ చేయించుకుంటేనే వారంటీ చెల్లుతుంది. ఆ మెయింటెనెన్స్ ఏమిటని ఫోను చేసి అడిగితే, కడిగి, కాస్త పాలిష్ పట్టి, మళ్లీ పూత వేస్తామన్నారు. ఆరు నెలలకొకసారి వేస్తే మైనం కూడా ముప్ఫై ఏళ్లు వస్తుంది కదా అనాలనిపించింది, అనలేదు. ఇందులో డబ్బుకన్నా నన్ను భయపెట్టింది ఆ ‘కాస్త పాలిష్’. మెషీను పాలిష్ ఒక్కో వాయిదాకు ఒకటి నుంచి మూడు మైక్రాన్ల క్లియర్ కోట్‌ను తీసేస్తుంది. ఏడాదికి రెండుసార్లు చొప్పున మూడేళ్లు చేయిస్తే ఒక మైక్రాన్ పూతను నిలబెట్టుకోవడానికి పది మైక్రాన్ల అసలు రక్షణను పోగొట్టుకున్నట్టే. పోయిన క్లియర్ కోట్ మళ్లీ రాదు. డెంటింగ్ షాపులో కొత్తగా వేయించిన క్లియర్ కోట్ కూడా ఫ్యాక్టరీదానికి సాటి రాదు, అక్కడ 140 డిగ్రీల దగ్గర కాల్చిన పొర, ఇక్కడ 60 దగ్గర ఆరబెట్టినది. అలా కొత్తగా రంగు వేయించిన భాగాలకు నెలా రెండు నెలలు ఏ సీలెంటూ పూయకుండా వదిలేయాలి, లోపలి ద్రావణులు బయటికి పోవాలి.

కాబట్టి ఎవరైనా ఏది కొనాలని అడిగితే నేను ముందు కారు ఎవరు కడుగుతారని అడుగుతాను. మీరే నెలకు రెండుసార్లు కడుక్కునేవారైతే, మంచి నీళ్లు, నీడ ఉంటే, మధ్యరకం సీలెంట్ చాలు. ఏడాదికి రెండు మూడు ఆదివారాలు, ఒక సీసా. క్షారపు నురుగుతో కడిగే చోటికి తప్పక పంపాల్సి వస్తే సిరామిక్‌కు పెట్టిన డబ్బు కొంతైనా తిరిగి వస్తుంది. రోజూ తుడిపించే కారుకైతే ఏదీ వద్దు, ముందు తుడుపు ఆపండి.

ఆ చివరి మాట చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. మా అపార్ట్‌మెంటులో కార్లు తుడిచే పెద్దాయనతో, రోజూ వద్దు, వారానికి ఒకసారి నీళ్లు పోసి కడిగితే చాలని చెప్పినప్పుడు ఆయన ముఖం చిన్నబోయింది. ‘తుడవకపోతే జీతం ఎందుకిస్తారు సార్’ అన్నాడు. జీతంలో రూపాయి తగ్గదని నచ్చజెప్పడానికి పది నిమిషాలు పట్టింది. రెండో బకెట్టు, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు నేనే కొనిచ్చాను. ఇప్పుడాయన నా కారుకు ముందు పైపుతో నీళ్లు పోసి, మట్టి జారిపోయాకే గుడ్డ తీస్తాడు. పక్కనున్న మిగతా కార్లను మాత్రం ఎప్పటిలాగే రోజూ, పాత గుడ్డతోనే తుడుస్తాడు. వాటి యజమానుల్లో ఇద్దరు ఈ మధ్యనే సిరామిక్ చేయించారు.